ఏతామయ్య ఊరికే అంబలి పెట్టడు

రాళ్ళమెట్టకు బస్సు రాదు. కిందనే దిగి, గెడ్డ అనే చిన్న వాగు దాటి, బండరాళ్ళ మధ్య కాలిబాటన అరగంట ఎక్కాలి. అంత కష్టపడి ఎక్కి వచ్చిన భక్తులు చెమట తుడుచుకుంటూ మొదట అడిగే మాట ఒకటే. "హుండీ ఎక్కడండీ?" లేదని చెబితే నమ్మరు. గుడి చుట్టూ రెండుసార్లు తిరిగి వెతుకుతారు. స్వామి పాదాల దగ్గర నోటు పెట్టబోతే పూజారమ్మ దాన్ని మర్యాదగా మడిచి మళ్ళీ వారి చేతిలోనే పెడుతుంది. అప్పుడు కొందరికి ఒళ్ళు మండుతుంది. "ఇదేం గుడండీ బాబూ, ఇస్తామంటే పుచ్చుకోరు!" అని విసుక్కుంటారు. అందులో తప్పేమీ లేదు. ఈ క్షేత్రంలో విసుగు చాలా పాతది. స్వామివారి మీద మొట్టమొదట విసుక్కున్న మహాతల్లి కథే ఈ స్థల పురాణం.

గుడి చిన్నది. గోడలు మట్టివి, కప్పు తాటాకుది. లోపల నిలువెత్తు నల్లరాతి మూర్తి. స్వామి ఎడమకాలి మీద నిలబడి, కుడికాలు పైకెత్తి ఉంటారు. రెండు చేతులూ తలకు పైగా ఎత్తి గుప్పిళ్ళు బిగించి ఉంటారు. ఎత్తిన కుడికాలి కింద గాటు పెట్టిన పాత కర్రముక్క ఒకటి ఉంటుంది. వెండి లేదు, బంగారం లేదు, ఆ కర్రముక్కే స్వామికి ఆభరణం. దర్శనం కాగానే ఆ కర్రముక్కను కళ్ళకద్దుకోవాలి. ఎందుకో తెలియాలంటే వెనక్కి వెళ్ళాలి.

పూర్వం ఇక్కడ ఇరవై రెండు గడపల ఊరు ఉండేది. నేల మెట్ట. వాన పడితే పడినట్టు, లేకపోతే లేదు. ఊరంతా ఏతాం మీద బతికేది. ఏతామంటే నేటివారికి తెలియకపోవచ్చు గనుక చెప్పుకోవాలి. బావి గట్టున పాతిన గుంజల మీద పొడుగాటి మాను ఒకటి అడ్డంగా ఉంటుంది. ఒకరు కాలు జారకుండా గాట్లు పెట్టిన ఆ మాను ఎక్కి, పైన కట్టిన వెదురుగడలు రెండు చేతులా పట్టుకుని, ముందుకీ వెనక్కీ అడుగులు వేస్తారు. దాన్నే ఏతాం తొక్కడం అంటారు. వారు తొక్కుతూ ఉంటే మాను పైకీ కిందకీ ఊగుతుంది. కింద నిలబడ్డవారు మాను చివర వేలాడే బానను బావిలో ముంచి, నిండి పైకి రాగానే కాలవలోకి వంచుతారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలా తొక్కితే ఒక చెక్క నేల తడుస్తుంది. ఆ తడి మీద ఇన్ని చోళ్ళు, అంటే రాగులు, నాలుగు వంగమొక్కలు. అంతకు మించి ఆ ఊరికి లేదు. అయినా ఎవరినీ చెయ్యి చాపి అడిగిన ఊరు కాదు.

ఆ ఊళ్ళో దాలినాయుడనే రైతు కొత్త బావి తవ్వుతూ ఉంటే, నిలువు లోతులో గునపం ఖంగుమంది. మట్టి తీసి చూస్తే కాలెత్తి నిలబడ్డ రాతిమూర్తి! ఊరంతా పరుగెత్తుకొచ్చింది. పైకి తీసి, కడిగి, పసుపు రాసి నిలబెట్టారు. అయితే ఏ దేవుడో తేలలేదు. నాట్యం చేసే శివుడని కొందరు, కాదు కాళింగుడి మీద కృష్ణుడని కొందరు వాదులాడుకున్నారు. వారం గడిచాక కబురు వెంపలకోట రాజుగారి దాకా వెళ్ళింది. రాజుగారు తమ ఆస్థాన పండితుడు సోమయాజులుగారిని పంపారు.

సోమయాజులుగారు పల్లకీ దిగి, మూర్తిని ఎగాదిగా చూసి, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఎత్తిన పాదం కనబడటం లేదటయ్యా? త్రివిక్రముడు! బలి చక్రవర్తిని మూడడుగుల నేల దానమడిగిన స్వామి" అన్నారు.

"మరి శంఖం, చక్రం ఏవి బాబూ?" అని దాలినాయుడు భయపడుతూ అడిగాడు.

"నీ గునపం పోటుకు విరిగిపోయి ఉంటాయి" అన్నారాయన.

ఆ గుప్పిళ్ళలో విరిగిన గుర్తేదీ లేదన్న సంగతి ఎవరూ చూడలేదు. పండితుడు చెప్పాక చూసేదేముంది?

దానమడిగిన స్వామి దొరికాడు గనుక దానమివ్వడం ధర్మమని రాజుగారు సంతోషించారు. కోట కింద నీరు పారే మూడు మళ్ళను స్వామికి మాన్యంగా రాశారు. పైగా స్వామి వెలసిన ఊరు కదా అని ఇరవై రెండు గడపలకూ కోట గాదెలోంచి బియ్యం పంపే ఏర్పాటు చేశారు. ప్రతి పక్షానికీ బండ్లు గెడ్డ దాటి మెట్ట కిందకు వచ్చేవి, అక్కణ్ణుంచి కోట మనుషులు బస్తాలు ఇంటింటికీ మోసేవారు. ఆ వ్యవహారమంతా చూడడానికి పేష్కారు రఘునాథ పాత్రుడు నియమింపబడ్డాడు. దాలినాయుడు పూజారి అయ్యాడు. అతని భార్య అసిరమ్మకు నైవేద్యం వండే పని పడింది.

మొదటి రోజున అసిరమ్మ తలస్నానం చేసి, కొత్త కుండలో కోట బియ్యం పోసి, గుడి వెనక పొయ్యి వెలిగించింది. నీళ్ళు తెర్లాయి, పొంగాయి, ఇగిరిపోయాయి. బియ్యం మాత్రం పోసినట్టే ఉంది. గింజ తీసి నొక్కితే రాయి. మళ్ళీ నీళ్ళు పోసింది. మధ్యాహ్నం తిరిగిపోయింది. కట్టెలమోపు అయిపోయింది. గింజ మెత్తబడలేదు.

ఇందులో అసలు కిటుకేమిటంటే, అదే బియ్యం ఊళ్ళో ప్రతి ఇంటా మల్లెపువ్వులా ఉడికేది. అసిరమ్మ ఇంటి పొయ్యి మీద కూడా ఉడికేది. స్వామి కోసమని గుడి పొయ్యి మీద పెడితే మాత్రం ఉడికేది కాదు. ఆమె కుండ మార్చింది. చింతకట్టెలు మానేసి మామిడికట్టెలు పెట్టింది. పొయ్యి దిక్కు మార్చింది. ఒక పూట మొగుడి చేత వండించింది. అతను పొగకు కళ్ళు వాచి బయటికొచ్చాడు, అన్నం మాత్రం కాలేదు. చివరికి స్వామికి ఇన్ని అటుకులు పెట్టి, ఎదురుగా నిలబడి దెబ్బలాడేది.

"ఏటయ్యా నీ గోల? రాజుగారి బియ్యం నీకు పనికిరావా? ఊరందరికీ ఉడుకుతాయి గానీ నీకుడకవా? ఉడకనిచ్చీసి తినీ రాదా? నడుం పడిపోతంది నాకు!"

స్వామి కాలు దించలేదు, పలకలేదు.

ఊరు మాత్రం పలికింది. నెల తిరగకుండానే గుసగుసలు మొదలయ్యాయి. పక్కింటి గవరమ్మ ఒక రోజు నూతి దగ్గర అందరూ వినేట్టు అనేసింది. "బియ్యం మంచివే, దేవుడు మంచోడే. మరి లోపమెక్కడున్నట్టు? వొండే సెయ్యి సూసుకోవాల."

"అయితే నివ్వొచ్చి వొండప్పా!" అంది అసిరమ్మ.

గవరమ్మ వచ్చింది. దర్జాగా కొంగు బిగించి పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుంది. సాయంత్రమైనా కూర్చునే ఉంది. లేచి వెళ్తూ, "నివ్వలా ఎదురుగా నిలబడి సూత్తా ఉంటే ఎలాగుడుకుతాది?" అని ఆ నిందా అసిరమ్మకే అంటగట్టి పోయింది. అప్పటినుంచి పెళ్ళిపేరంటాల్లో అసిరమ్మ వంట దగ్గరికి వస్తే ఆడవాళ్ళు గరిటెలు దాచేవారు. కూతురికి వచ్చిన సంబంధం కూడా 'తల్లి చెయ్యి మంచిది కాదట' అని వెనక్కి పోయింది. ఊరిమీద, దేవుడిమీద, మొగుడిమీద ఆమెకు విసుగు పుట్టిందంటే పుట్టదా మరి?

ఈలోగా ఊరు ఊరుగా లేదు. ఇంటి ముందుకు బియ్యం వస్తూ ఉంటే ఏతాం ఎక్కేదెవరు? బావులు పూడుకుపోతూ వచ్చాయి. మాన్లు ఎండకు పగిలాయి. మగవాళ్ళు రచ్చబండ మీద పడుకుని, బండి ఒక పూట ఆలస్యమైతే కోటవాళ్ళను తిట్టడం నేర్చుకున్నారు. చోళ్ళు పండిన చెక్కల్లో తుమ్మ మొలిచింది. అసిరమ్మ ఒక్కతే, దేవుడి పని అయ్యాక, పెరటి వెనకున్న వంగనారుకు కుండతో నీళ్ళు మోసి పోసుకునేది.

అటువంటి రోజుల్లో మాఘ పౌర్ణమికి రాజుగారు స్వయంగా వచ్చి స్వామి ప్రసాదం స్వీకరిస్తారని కబురొచ్చింది. పాత్రుడు పదిరోజుల ముందే వచ్చి, ఉడకని కుండ చూసి తల పట్టుకున్నాడు.

"అమ్మా, నేనింతవరకు కోటలో ఈ సంగతి పొక్కనివ్వలేదు. పౌర్ణమినాడు ప్రభువుల విస్తట్లో అన్నం పడకపోతే నా ఉద్యోగం పోతుంది. అది పోయే లోపల మిమ్మల్ని గెడ్డ దాటించి పంపేస్తాను. ఊరివాళ్ళు కూడా అదే కోరుతున్నారు."

"ఊరోళ్ళు కోరుతారు బాబూ! ఆళ్ళకి కూడు ఉడుకుతంది కదా" అంది అసిరమ్మ. పొలిమేర దాటించిన కుటుంబానికి చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ చోటుండదు. చెయ్యి చెడ్డదన్న పేరు ముందే నడిచి వెళుతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, పాత్రుడికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం కుండ దింపేసి, అలసిపోయి, గుడి గోడకు చేరబడ్డ అసిరమ్మకు చిన్న కునుకు పట్టింది. కలలో స్వామి కనిపించాడు. కిరీటం లేదు. తలకు గుడ్డ చుట్టుకుని ఉన్నాడు, ఒళ్ళంతా చెమట. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది.

"అసిరీ, కాలు పీకేత్తంది. కింద ఏటైనా ఎయ్యవే."

"నాకు నడుం పీకేత్తంది, అది నీకు తెలీదేటి?" అని కలలోనే కసిరింది అసిరమ్మ.

"అందుకే సెప్తన్నాను" అన్నాడు స్వామి. మెలకువ వచ్చింది.

కోపమున్నా ఆవిడ మంచి మనిషి. నొప్పి అన్నవాడిని ఊరకే వదలలేదు. ఇంట్లోంచి పీట తెచ్చి స్వామి పాదం కింద పెట్టింది. తెల్లారేసరికి పీట నిలువునా చీలి ఉంది. ఇటుక పెట్టింది, జారిపోయింది. సంగతి విన్న పాత్రుడు కోట నుంచి వెండి పాదపీఠం తెప్పించి ఘనంగా అమర్చాడు. మర్నాడది గడప బయట బోర్లా పడి ఉంది. పాత్రుడు దాన్ని తీసుకుని, దులిపి, "ఈయనకు వెండి కూడా ఆనదా?" అని ఏడవలేక నవ్వాడు. అసిరమ్మకు మొదటిసారి అతని మీద జాలి కలిగింది.

పౌర్ణమి రేపనగా ఆమె మూటలు కట్టేసింది. కట్టాక పెరట్లోకి చూస్తే వంగనారు తలలు వాల్చేసి ఉంది. పదిరోజుల గొడవలో నీళ్ళు పొయ్యలేదు.

"లెగయ్యా" అంది దాలినాయుడితో. "ఏతాం ఎక్కు."

"రేపు ఎల్లిపోతన్నాం కదే. ఆ నారు ఎవులికి?"

"ఎవులికైతే ఏటి? మనం పెట్టిన మొక్క మన కళ్ళముందు ఎండాలా? ఎక్కు!"

దాలినాయుడు గొణుక్కుంటూ ఏడాది తరువాత మాను ఎక్కాడు. మాను కిర్రుమంది. వెదురుగడలు పట్టుకుని అడుగు వేశాడు. కింద అసిరమ్మ బానను ముంచింది. బాన నిండింది. పైకి రావడం లేదేమిటని విసుక్కుంటూ తల ఎత్తి చూసింది. దాలినాయుడు మాను మధ్యలో పట్టు తప్పకుండా ఆగి ఉన్నాడు. వెనక ఎండ ఉంది. మొహం కనబడటం లేదు, ఆకారమే కనబడుతోంది. ఎడమకాలి మీద బరువు. కుడికాలు తరువాతి గాటు మీద పెట్టడానికి పైకి ఎత్తి ఉంది. రెండు చేతులూ తల పైన, గుప్పిళ్ళు గడల చుట్టూ బిగిసి ఉన్నాయి.

అసిరమ్మ చేతిలోంచి బాన జారిపోయింది. మాను ఒక్కసారి ఊగి, దాలినాయుడు పడబోయి గడకు వేలాడాడు.

"ఏటే! సంపుతావేటే నన్ను?"

"ఓలమ్మ! ఆయన దానం అడగడం లేదయ్యా!" అని అరిచింది అసిరమ్మ. "ఏతాం తొక్కుతన్నాడు! ఊరంతా తరాలుగా ఏతాం తొక్కినోళ్ళం, ఏతాం తొక్కినోణ్ణి ఆనవాలు పట్టనేకపోనాం! కాలు ఎత్తించి, కింద మాను తీసీసి, పైనుంచి రాజుగారి బువ్వ తినమంటే తింటాడేటి?"

ఆమె నేరుగా గుడికి వెళ్ళి స్వామిని నిలదీసింది. "ఆ ముక్క కలలో సరిగా సెప్తే నీ సొమ్మేం పోయింది? పీటలు ఇరగ్గొట్టడం ఒచ్చింది గానీ, 'మాను' అనడం రాలేదేటి?" అని కళ్ళనీళ్ళతో తిట్టింది. ఆ తిట్లను మన పెద్దలు స్తోత్రంతో సమానంగా భావించారు.

పక్క బావి మీద పగిలిన పాత మానులోంచి గాటు ఉన్న ముక్క కోసుకొచ్చి స్వామి పాదం కింద పెట్టారు. కొలిచి చేసినట్టు అతికింది. అప్పటినుంచి ఇప్పటివరకు కదలలేదు.

పౌర్ణమి ఉదయం అసిరమ్మ కోట బియ్యం బస్తా ముట్టుకోలేదు. అటక మీద విత్తనానికి దాచిన చోళ్ళు దింపింది. అవి మాన్యానికి ముందు సంవత్సరం, మొగుడూ తానూ ఏతాం నీళ్ళతో పండించుకున్నవి. తిరగలిలో విసిరి, ఏతాంతో తోడిన నీళ్ళు పోసి, గుడి పొయ్యి మీద అంబలి పెట్టింది. మూడు పుల్లలు వేసిందో లేదో కుండ తెర్లింది. ఆ వాసనకు రచ్చబండ మీది మగవాళ్ళు లేచి కూర్చున్నారట!

పాత్రుడు కుండలోకి తొంగిచూసి గుండె పట్టుకున్నాడు. "రాజుగారికి అంబలా? అమ్మా, నన్ను చంపు. ఒక్క దెబ్బతో చంపు."

అంతలోనే రాజుగారు రానే వచ్చారు. సంగతంతా విన్నారు. మొహం ఎర్రబడింది. "నేనిచ్చింది నీ దేవుడికి చేదైపోయిందా?"

"సేదు కాదు బాబూ" అంది అసిరమ్మ, చేతులు కట్టుకుని. "మీరు మంచి మనసుతోనే ఇచ్చారు. కానీ ఏతాం మీదున్న మనిషి నోట్లో ఎవులైనా ముద్ద పెడతానంటే, గడ వొగ్గీసి నోరు తెరుత్తాడా? పడిపోడా? మా ఊరు అలాగే పడిపోనాది. బావులు సూడండి."

రాజుగారు బావులు చూశారు. తరువాత కొంచెం దిగాలుగానే, "మరి ఇవ్వడం తప్ప నాకేమీ తెలియదే. నేనేం చెయ్యాలి?" అన్నారు.

"ఓ బాన తోడండి. కూలికి అంబలి పోత్తాను."

సోమయాజులుగారు చెవులు మూసుకున్నారు. రాజుగారు మాత్రం చెప్పులు విడిచి మాను ఎక్కారు. రెండడుగులకే లయ తప్పింది. కింద దాలినాయుడు ముంచిన బాన ఎగుడుదిగుడుగా లేచి, సగం నీళ్ళు గట్టు మీదే ఒలకబోసింది. దిగి, ఆకుదొప్ప పట్టుకుని నిలబడితే, అసిరమ్మ సగం గరిటె పోసి ఆపేసింది.

"అదేమిటి?" అన్నారు రాజుగారు.

"సగం బాన తోడినారు బాబూ."

పాత్రుడు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి రాజుగారు పంచె ఎగ్గట్టి మళ్ళీ మాను ఎక్కుతున్నారు. ఈసారి బాన నిండా వచ్చింది. నిండు గరిటె అంబలి తాగి, మూతి తుడుచుకుని, "నా జన్మలో కూలికి తిన్నది ఇదొక్కటే" అన్నారట.

ఆ రోజే మాన్యం రద్దయింది. బియ్యం బండ్లు ఆగిపోయాయి. ఊరంతా జేజేలు కొట్టిందనుకుంటున్నారేమో, అదేమీ లేదు! "మా నోటికాడి కూడు లాగీసింది" అని ఇరవై ఒక్క గడపలూ అసిరమ్మను దుమ్మెత్తిపోశాయి. పూడిక తీస్తూ తిట్టారు, తుమ్మ కొడుతూ తిట్టారు, కొత్త మాన్లు ఎత్తుతూ తిట్టారు. ఆమె కూడా ఊరుకోలేదు, తట్ట మోస్తూనే జవాబులిచ్చింది. తిట్లతోనే పైరు వేశారు. వెన్ను తీసి కంకులు కట్టేనాటికి తిట్లు తగ్గాయి. పంట ఇంటికొచ్చిన నాడు గవరమ్మ చేటెడు చోళ్ళు పట్టుకుని గుడికి వచ్చింది. అసిరమ్మ కుడిచెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"ఇప్పుడొచ్చిందేటి నా సేతికి మంచితనం?" అంది అసిరమ్మ. అని, ఆ చోళ్ళు తీసుకుని పొయ్యి మీద పెట్టింది. చక్కగా ఉడికాయి. మరుసటి ఏడు ఆమె కూతురి పెళ్ళికి వంట గరిటె తల్లి చేతికే ఇచ్చారు.

నాటినుంచి స్వామివారికి ఏతామయ్య అని పేరు స్థిరపడింది. నేటికీ నైవేద్యం, గుడి పక్కనే ఏతాం నీటితో సాగయ్యే స్వామి చెక్కలో పండిన చోళ్ళ అంబలే. దీపానికి నూనె ఆ గట్టున వేసిన నువ్వులదే. నువ్వులు తక్కువైన సంవత్సరం దీపం చిన్నగా వెలుగుతుంది, అంతే గానీ అరువు నూనె పొయ్యరు. ఒక భక్తుడు మోటారు పంపు తెచ్చి బిగిస్తానంటే, దండం పెట్టి, గెడ్డ అవతలి బడి తోటకు పంపారు. గుడికి సిమెంటు కప్పు వేయించి పేరు చెక్కించుకుంటానన్న మరొక దాత అలిగి వెళ్ళిపోయాడు. అలిగినవాడే మళ్ళీ ఏడు వచ్చి తాటాకు మోశాడు. ఇప్పుడు ఏటా వస్తున్నాడు.

వచ్చిన ప్రతివారూ ఏతాం ఎక్కి ఒక బాన నీళ్ళు తోడి స్వామి చెక్కకు పెట్టాలి. ఎక్కలేని వృద్ధులు, గర్భిణులు, జబ్బుపడినవారు నీడన కూర్చుని చోళ్ళలో రాళ్ళు ఏరవచ్చు. అదీ కూలే. తరువాతే అంబలి. నిండు బానకు నిండు గరిటె, సగం బానకు సగం. ఎంతటివారైనా ఇదే లెక్క. అంబలి పోసేది అసిరమ్మ ఇంటి కోడలు. పోశాక ఆమె కుడిచేతిని కళ్ళకద్దుకోవాలి. కొత్తగా పనిలో చేరేవారు, చిన్న దుకాణం పెట్టుకునేవారు, ఒకరి మీద ఆధారపడి విసిగిపోయినవారు ఇక్కడికి వచ్చి బాన తోడితే తమ కాలి కింద తమ మాను దొరుకుతుందని నమ్మకం. దొరికినవారు అనేకులు. దొరకనివారు మళ్ళీ వచ్చి స్వామిని నిలదీయవచ్చు. ఈ స్వామికి తిట్లు అలవాటే.

ఈ పుస్తకం అచ్చుకైన ఖర్చు స్వామి చెక్కలో కాసి సంతలో అమ్ముడైన వంకాయలు భరించాయి. కనుక దీనికి వెల వెయ్యలేదు. ఇంతవరకు చదివినవారు వెళ్ళేముందు ఒక బాన తోడి పోయగలరు. సగం బాన తోడినవారు కథ సగమే చదివినట్టు.